పన్నెండు హంసల అంచు

నేను బొమ్మలను కదిలిస్తాను. అదే నా పని అని చెబితే మా తెనాలి బంధువులు "జీతం ఎవరిస్తారు?" అని అడుగుతారు. ఎవరూ ఇవ్వరు. హైదరాబాదులో ఒక స్టూడియోలో కొన్నేళ్లు ఇతరుల బొమ్మలకు రంగులు నింపాను. విసుగు పుట్టి బయటికొచ్చి, ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటర్ పెట్టుకున్నాను. పొట్ట గడవడానికి ప్రకటనల పని, మనసు నిండడానికి సొంత బొమ్మలు. గీసినవన్నీ ఒక బ్లాగులో పెడతాను. ఎలా గీశానో కూడా తెలుగులో రాస్తాను. నేను నేర్చుకునే రోజుల్లో తెలుగులో చెప్పినవాళ్లు లేకపోవడమే అందుకు కారణం.

చదివేవాళ్లు తమ బొమ్మలు పంపుతుంటారు. అందరికీ నేనిచ్చే జవాబు ఒకటే: "బాగుంది, ఆపకండి." టీ చల్లారేలోపు అలాంటివి నాలుగైదు రాసేయగలను.

అలా రాసినవాళ్లలో గద్వాల అమ్మాయి రేణుక ఒకతి. నేతపనివాళ్ల ఇంటి పిల్ల. చీర అంచులకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీస్తుంది. ఆ గడి కాగితాల మీదే నా పాఠాలూ అభ్యాసం చేసి, ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్ నుంచి పంపేది. ఒక పక్షిని పన్నెండు బొమ్మల్లో ఎగరేయమని నేనిచ్చిన పాఠానికి హంసను ఎగరేసింది. చాలా బాగా ఎగరేసింది. నా మామూలు జవాబు నేను రాశాను. తర్వాత మూడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు రెండు ముక్కలు వచ్చాయి: "మేడం, ఇంక నేను గీయను. మీ పాఠాలు మంచియే. తప్పు నాది."

ఏం తప్పో చెప్పలేదు. అదే సమయానికి నాగర్‌కర్నూలులో పిల్లలకు బొమ్మలు కదిలించడం చూపించమని ఎస్తేరు అనే టీచరు పిలిచారు. ఆవిడా నా బ్లాగు పాఠకురాలే. గద్వాల మీదుగా, వనపర్తి మీదుగా వస్తానని చెప్పాను. దారి అది కాదని ఆవిడకు తెలుసు, అయినా ఏమీ అడగలేదు. ఇది తుంగభద్ర పొంగి అలంపూర్‌ను ముంచెత్తిన దానికి ముందటి ఏడాది సంగతి.

గద్వాల: వీధిలో పడుగు

గద్వాలలో దిగగానే ఆకలి. ఒక బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించుకున్నాను. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఫలహారం అది. పది రూపాయలకు కడుపు నిండింది. మా వైపు బొరుగులంటే సాయంకాలం కాలక్షేపానికి నమిలేవి. ఇక్కడ అవే పొద్దుటి టిఫిన్. బండివాడు ఒకరితో తెలుగూ, ఇంకొకరితో కన్నడమూ మాట్లాడుతూ, ఇద్దరినీ ఒకే బెంచీ మీద సర్దుతున్నాడు.

రేణుకకు ఒకప్పుడు పెన్సిళ్లు పంపడానికి తీసుకున్న చిరునామా నా దగ్గరుంది. ఆ వీధి మొదట్లోనే తప్పు చేశాను. వీధి పొడవునా దారాలు సాగదీసి కట్టి, ఇద్దరు ఆడవాళ్లు వాటిని సరిచేస్తున్నారు. పడుగు అంటారట. దాని కింద నుంచి వంగి దూరబోయాను. కెమెరా సంచి పట్టీ దారాలకు తగులుకుంది.

"ఆగు తల్లీ, కదలకు," అంది పెద్దావిడ. కోపంగా అనలేదు. దారం దారం విడదీసి, నన్ను వెనక్కి పంపించి, "గా సందుల నుంచి తిరిగిరా. మేమైనా గట్లనే తిరిగి పోతం," అంది. నా వెనక ఒక స్కూటరాయన బండి ఆపి, మారు మాట్లాడకుండా సందులోకి తిప్పుకున్నాడు. మా ఊళ్లో రోడ్డు మీద మిరపకాయలు ఆరబోస్తే లారీలు వాటి మీంచే పోతాయి. ఇక్కడ దారం కోసం వీధి వీధంతా చుట్టూ తిరుగుతుంది. నాకు సిగ్గేసింది, ముచ్చటా వేసింది.

రేణుక ఇల్లు రెండు గదులు. ముందు గదిని సగానికి పైగా మగ్గమే ఆక్రమించింది. ఆ అమ్మాయి మూలన కూర్చుని దారం కండెలు చుడుతోంది. నన్ను చూసి గబుక్కున లేచింది. నా ఫోటో కూడా ఎన్నడూ చూడకపోయినా, "మీరే గద మేడం," అంది. వాళ్లమ్మ శంకరమ్మ నా చెప్పులు గడప బయటే విడిపించి, నీళ్లిచ్చింది. తండ్రి వీరేశం మగ్గం మీద నుంచి దిగలేదు. "ఒచ్చిండ్రా, కూసోండ్రి," అని మళ్లీ పనిలో పడ్డాడు.

జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. పుంటికూరంటే మన గోంగూరే, కానీ పచ్చడిలా కాకుండా పప్పులా మెత్తగా వండారు. నేను మూడో రొట్టె అడిగేసరికి శంకరమ్మ ముఖం విప్పారింది. అప్పుడు అడిగాను, తప్పేమిటని.

రేణుక తండ్రి వైపు చూసింది. ఆయన మగ్గం ఆపకుండానే, "సూపెట్టు," అన్నాడు.

ట్రంకు పెట్టెలోంచి శంకరమ్మ ఒక చీర తీసింది. మామిడిపండు రంగు నూలు చీర, మెరూన్ పట్టు అంచు, అంచు నిండా జరీ హంసలు. రెండు జానల అంచు చూసేసరికి నా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. మొదటి హంస నిలబడి ఉంది. పక్కది రెక్క విప్పుతోంది. ఆ పక్కది ఇంకొంచెం. నేనిచ్చిన పాఠమే. నాకు పంపిన పన్నెండు బొమ్మలను రేణుక అంచు కొలతకు మళ్లీ గీసి, జకార్డుకు అట్టలు కొట్టించింది. ఆ అట్టల చిల్లులను బట్టే మగ్గం మీద ఏ దారం లేవాలో, ఏది ఆగాలో తేలుతుంది. కొత్త డిజైనని తండ్రికి చెప్పింది. ఆయన నమ్మి చీరంతా నేశాడు.

"గద్వాల అంచుల హంస నిలబడ్తది మేడం," అన్నాడు వీరేశం. "ఒక్క తీరుగ, వరుసగ. కండ్లు మూసుకొని చెయ్యి పెట్టినా ఒకదానికి ఒకటి తేడా ఉండొద్దు. షావుకారి దగ్గర నలుగురు కూసున్నరు. చీర ఇప్పి, 'వీరేశం, నీ మగ్గం తప్పుతుంది' అన్నడు. మా నాయన కాలం నుంచి మా ఇంటి చీర ఎన్నడు వాపస్ రాలే."

చీర తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి రేణుక గ్రాఫులు గీయడం లేదు. వాళ్ల ఇంటి గ్రాఫులు ఇప్పుడు వేరే ఆయన గీస్తున్నాడు. నేను "ఆపకండి" అని రాసిన రోజు నా టీ కూడా చల్లారలేదు. ఇక్కడ ఆ మాట విని ఒక పిల్ల తన తండ్రి పేరును పణంగా పెట్టింది.

చీర నేను కొంటానన్నాను. రేణుక వెంటనే వద్దంది. "మీరు జాలిపడి కొంటే నేను తప్పు చేసినట్టే అయితది." ఇక ఆ మాట ఎత్తలేదు. అంచు ఫోటోలు తీసుకుంటానన్నాను. వీరేశం అటు తిరిగే, "తీసుకోండ్రి," అన్నాడు.

మంచం మీద చీర పరిచి, కెమెరాను స్టాండుకు బిగించాను. శంకరమ్మ ఒక కొస, రేణుక ఒక కొస పట్టుకుని, ఒక్కో హంస కెమెరా కిందికి వచ్చేలా చీరను జరిపారు. మళ్లీ నిలబడిన హంస వచ్చేదాకా తీశాను. అంతసేపూ వీరేశం వీపు మావైపే ఉంది. ఆయన తలపైన గోడ మొలకు పాత అట్టల కట్ట ఒకటి దారంతో వేలాడుతోంది. ఇక్కడ అట్టలు పారేయరట.

బయల్దేరేముందు, ఆదివారం పిల్లల పాఠానికి రేణుకను నాగర్‌కర్నూలు పంపుతారా అని అడిగాను.

"ఆడపిల్లను ఒక్కదాన్ని అంత దూరం ఎట్ల పంపుత? సూద్దం," అన్నాడు. మా వైపు "చూద్దాం" అంటే మర్యాదగా వద్దనడం. ఆశ వదిలేసుకుని బస్సెక్కాను.

వనపర్తి: గులాబీల స్టూడియో

బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ దాటుతుంటే ప్రయాణికులు కిటికీల్లోంచి చిల్లర విసిరారు. నీళ్లు తక్కువగా ఉన్నాయి, సగం నాణేలు బండల మీద పడి మోగాయి. నేనూ ఒకటి విసిరాను. అదీ బండ మీదే పడింది.

వనపర్తిలో రాజావారి బంగళాలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. ఆ దారిలోనే ఖాజా స్టూడియో. ఖాజా పెళ్లి వీడియోలు తయారుచేస్తాడు. అతని చేతిలో పడితే పెళ్లికూతురు గులాబీలోంచి పుడుతుంది, పెళ్లికొడుకు చంద్రుడి మీద నుంచి జారి వస్తాడు. రాత్రి ఏదైనా సందేహం వస్తే బ్లాగులో నన్ను అడుగుతాడు, పొద్దున నేను జవాబిచ్చేలోపు తనే కనుక్కుని నాకు చెబుతాడు. నాకు శిష్యుడో గురువో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"మేడం, కుర్సీ మీద బైఠోండ్రి," అని నన్ను కూర్చోబెట్టి ఫ్యాన్ నా వైపు తిప్పాడు. మూడు రూపాయల చాయ్ అరకప్పే వచ్చింది, కానీ మధ్యాహ్నం వాళ్లమ్మ పంపిన బగారా అన్నం ఇద్దరు తినేంత ఉంది. వాళ్లింట్లో అతిథి గిన్నె ఖాళీ చేస్తే మళ్లీ నింపుతారని నాకు తెలియదు. మా ఇంట్లో గిన్నె ఖాళీ చేయడమే మర్యాద. ఈ రెండు మర్యాదల మధ్య నేను నలిగిపోయి, చివరికి చెయ్యి అడ్డం పెట్టాను.

ఫోటోలు కంప్యూటర్లో వరుసగా పేర్చాం. సగంలో కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక మొదటి నుంచి పేర్చాం. ఖాజా మీట నొక్కాడు.

హంస రెక్క విప్పింది. విప్పిన రెక్కను పైకెత్తింది. నేను కుర్చీలో ముందుకు జరిగాను. జరీ మెరుస్తూ హంస గాలిలో ఉంది. అంతలో చటుక్కున ఒక గెంతు గెంతింది. పైనున్న రెక్క ఉన్నట్టుండి కిందికి వచ్చేసింది. తర్వాత మళ్లీ సాఫీగా దిగి నిలబడింది.

"నడుమ ఒకటి లేదు," అన్నాడు ఖాజా.

లెక్కపెట్టాం. పదకొండే ఉన్నాయి. ఫోటో తీసేటప్పుడు నేనే ఒకటి వదిలేశానన్నమాట. నన్ను నేను తిట్టుకున్నాను.

"పరేషాన్ గాకుండ్రి. నడుమది నేను గీసి అతికిస్త. ఎవరికి తెల్వదు."

నిజమే, ఎవరికీ తెలియదు. నేను గీసినా పావుగంట పని. పెన్సిల్ తీసి రెక్క వంపు గీయడం మొదలుపెట్టాను కూడా. గీస్తుండగా నా చెయ్యి స్టూడియో రోజుల్లోని చెయ్యిలా అనిపించింది. ఇతరుల బొమ్మల్లో ఖాళీలు పూడ్చే చెయ్యి. పెన్సిల్ పక్కన పెట్టేశాను. తప్పు నాదని రేణుకకు చెబుదాం, తన హంసను తనే గీస్తుంది అన్నాను. ఖాజా మాత్రం, "మీరు పెండ్లి వీడియోలకు పనికిరారు," అన్నాడు. ఆదివారం కంప్యూటర్ మోసుకుని తనూ వస్తానన్నాడు.

నాగర్‌కర్నూలు: తిరిగొచ్చే బస్సు

ఎస్తేరు టీచరు పనిచేసేది ఉప్పునుంతలలో. అక్కడి బడిలో కరెంటు నమ్మకం లేదని నాగర్‌కర్నూలులో తెలిసినవాళ్ల బడిలో ఒక గది అడిగి పుచ్చుకున్నారు. తన వెంట పాతికమంది పిల్లలను బస్సులో తెచ్చారు. ఆవిడ డబ్బాలో జొన్నరవ్వతో ఉడికించిన గటక, పచ్చిపులుసు. ఆ ఎండకు పచ్చిపులుసంత హాయి మరొకటి లేదు. చింతపండు రసాన్ని పొయ్యి ఎక్కించకుండా తాగొచ్చని నాకు ముప్పై మూడేళ్లకు తెలిసింది.

పిల్లలకు చిన్న కాగితాలు కుట్టి ఇచ్చి, వాటి మూలల్లో బొమ్మలు గీయించాను. గబగబా వేలితో తిప్పితే కదులుతాయి. సగం మంది బస్సు గీశారు. దూరమవుతూ చిన్నదైపోయే బస్సు.

"వీళ్ల అమ్మనాయినలు పనులకు బొంబాయి పోతరు మేడం," అని ఎస్తేరు టీచరు మెల్లగా చెప్పారు. "పోయే బస్సు అందరికి బాగొస్తది."

ఒక పిల్ల తన కాగితాలను వెనక నుంచి ముందుకు తిప్పుతోంది. బస్సు చిన్నగా మొదలై పెద్దదవుతూ దగ్గరికి వస్తోంది. నేను చెప్పని పాఠం అది. గదంతా వెనక నుంచి తిప్పడం మొదలుపెట్టింది. ఏడుపొచ్చింది, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

అక్కడి నుంచే చూశాను. బడి గేటులోంచి వీరేశం వస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల ధోవతి. వెనక రేణుక. ఇక్కడ "చూద్దాం" అంటే నిజంగా చూద్దామనే అర్థమట.

ఆయన చివరి బెంచీ మీద పిల్లల మధ్య కూర్చున్నాడు. ఖాజా మీట నొక్కాడు. హంస ఎగిరింది. పిల్లలు గోల గోల. "ఇంకొకసారి" అన్నారు. రెండోసారి వేశాక నేను అందరి ముందూ చెప్పాను.

"ఒకచోట హంస చటుక్కున గెంతింది, చూశారా? అది నా పొరపాటు. ఫోటో తీసేటప్పుడు ఒకటి వదిలేశాను. గీసినావిడ పన్నెండూ సరిగ్గానే గీసింది."

రేణుక తల వంచుకుంది. మెచ్చుకున్నందుకు సిగ్గు అనుకున్నాను. వెనక బెంచీ కిర్రుమంది. వీరేశం లేచి నిలబడ్డాడు.

"ఇంకోసారి ఏయ్ బాబు," అన్నాడు ఖాజాతో.

వేశాడు. వీరేశం తెర దగ్గరికి నడిచొచ్చాడు. పైకెత్తిన రెక్క దగ్గర చెయ్యి చూపించి, "ఆపు," అన్నాడు. హంస ఆగింది.

"ఫోటో కాదు మేడం. హంసనే లేదు. నేనే తీసేసిన."

ఆయన నాతో కాదు, కూతురితో చెప్పడం మొదలుపెట్టాడు.

"మిగతయి జర జర మారినయ్, కొత్త డిజైనే అనుకున్న. గా ఒక్కదానికి రెక్క తిరగబడి ఉండె. అట్ట కొట్టినోడు తప్పు కొట్టిండనుకున్న. నేసేటోనికి తప్పు కనబడ్తె చేతులు ఊకుంటయా బిడ్డా. గా అట్టలు తీసేసి, అటూ ఇటూ కలిపి కుట్టిన. నీకు చెప్పలే. నీకు తెల్సు గద?"

"తెల్సు నాయినా."

"మరి ఎందుకు చెప్పలే?"

రేణుక చెబితే ఏమయ్యేది? షావుకారు చీరను తిప్పి పంపింది ఆ ఒక్క హంస లేనందుకు కాదు. కానీ ఇంట్లో తప్పంతా ఆ పిల్లదేనని తేలిపోయిన దగ్గర్నుంచీ, అందులో తండ్రి చెయ్యి కూడా ఉందని తనకు తెలుసు. నోరు విప్పలేదు. పెన్సిల్ పోగొట్టుకుంది గాని తండ్రి పనికి వంక పెట్టలేదు. నాకు రాసిన "తప్పు నాది" అన్న మాటకు అర్థం అప్పటికి తెలిసింది.

వీరేశం తెర మీద ఆగిన హంసను చూస్తూ, "నేను ఒకటొకటి సూసిన. వరుసగ ఎన్నడు సూడలే," అన్నాడు. తర్వాత ధోవతి అంచుతో ముఖం తుడుచుకుని, "గా అట్టలు పారెయ్యలే. మొలకే ఉన్నయ్," అన్నాడు.

మధ్యాహ్నం వాళ్లు బస్సు కోసం వెళ్లిపోయారు. గేటు దాటేటప్పుడు ఆయన ఏదో అడుగుతున్నాడు, రేణుక గాలిలో చేత్తో రెక్క ఎలా తిరుగుతుందో చూపిస్తోంది.

మళ్లీ ఇంట్లో

తిరిగొచ్చాక బ్లాగులో ఉత్తరాలకు జవాబులు ఆలస్యంగా రాస్తున్నాను. "ఆపకండి" అని ఇప్పటికీ రాస్తాను. దానికి ముందు, ఇంట్లో ఎవరున్నారు, ఎప్పుడు గీస్తారు, గీసింది ఎవరికి చూపిస్తారు అని అడుగుతున్నాను. కొందరు చిరాకు పడుతున్నారు. కొందరు పేజీలకు పేజీలు రాస్తున్నారు.

నెలన్నర గడిచాక రేణుక నుంచి మెయిల్ వచ్చింది. గ్రాఫులు మళ్లీ తనే గీస్తోందట. "షావుకారికి అన్ని ఒక తీరుగ, నిలబడ్డ హంసలే. మనయి మనకు." వాపసొచ్చిన చీరను శంకరమ్మ ఒక పెళ్లికి కట్టుకుని పోయిందట. జరీ అంచు చీర ఆవిడ ఒంటి మీదికి రావడం అదే మొదటిసారి. ఇంకో కబురు కూడా ఉంది. ఒక చీర పడుగు అయిపోయాక చివర మిగిలిన రెండు మూరల దారం మీద, తీసేసిన అట్టలను మళ్లీ కుట్టి, వాళ్ల నాయిన పన్నెండు హంసలూ నేశాడు. ఇరుగింటి వాళ్ల దగ్గర కెమెరా అడిగి తెచ్చి రేణుక ఫోటోలు తీసింది. వనపర్తి పోయి ఖాజా స్టూడియోలో తనే కదిలించింది. కింద ఆ చిన్న వీడియో.

తెరిచాను. హంస రెక్క విప్పింది, ఎత్తింది, తిప్పింది, దించింది. ఎక్కడా గెంతు లేదు. కానీ మూలన ఇంకేదో కదులుతోంది. మళ్లీ వేసి చూశాను. ఫోటో తీసిన ప్రతిసారీ నేత గుడ్డను బిగించి పట్టుకున్న బొటనవేలు. దారాల రాపిడికి కాయలు కాచిన, వాళ్ల నాయిన బొటనవేలు. ఒక్కో హంస కెమెరా కిందికి వచ్చినప్పుడల్లా అది కొంచెం జరిగింది. కాబట్టి హంస సాఫీగా ఎగురుతుంటే, పక్కన ఆ వేలు గంతులేస్తోంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి జాగ్రత్త, బొమ్మలోకి చెయ్యి రాకూడదని. రేణుకకు మాత్రం ఆ మాట రాయలేదు.